బెరుకుల కయ్య

"తాతా, ఇన్నేళ్ళు నౌకరీ చేసి ఏం పీకినావు?" అని మా వీధి కుర్రాళ్ళు నన్ను ఆటపట్టిస్తుంటారు. ఇంకొకరికైతే ఒళ్ళు మండేది. నాకు మండదు. నేను నిజంగానే పీకాను. వరి కయ్యల్లో, అంటే మడుల్లో, అక్కర్లేని మొక్కలు పీకించే ఫీల్డుమన్‌ని నేను, సర్కారు నాకు జీతమిచ్చింది ఆ పనికే. అయితే నా నౌకరీ మొత్తంలో ఒకే ఒక్కసారి, పీకిన మొక్కల్ని తిరిగి నాటించాను. ఆ ఒక్కసారి గురించి ఆ కుర్రాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. చదివాక మళ్ళీ అడగండి, ఏం పీకావని.

అరవైల మొదటి రోజుల మాట. ముత్తుకూరు దాటి ఉప్పుటేటి వైపు పోతే మా విత్తన ఫారం ఉండేది. సగం మిట్ట కయ్యలు, సగం పల్లపు కయ్యలు. పల్లపు కయ్యలకూ ఉప్పుటేటికీ నడుమ ఒక మట్టి కరకట్ట. మేము పండించేది తిండికి కాదు, రైతులకు విత్తనానికి. జిల్లా అంతా ప్రాణం పెట్టే మొలగొలుకుల వరే మా ముఖ్యమైన పంట. విత్తనపు కయ్య అంటే మొక్కలన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు ఉండాలి, ఒకేసారి వెన్ను, అంటే కంకి, వేయాలి. ఏ మొక్కైనా జానెడు పొట్టిగానో, మొదలు ఎర్రగానో, గింజకు మీసాలతోనో కనబడిందంటే అది బెరుకు. పుస్తకాలు చదివినవాళ్ళు బెరకు అంటారు, కేళీ అంటారు. మా ఆడకూలీల నోట్లో మాత్రం బెరుకే. దాన్ని వేళ్ళతో సహా పీకి గెనిమ మీద, అంటే కయ్య గట్టు మీద, పడెయ్యాలి.

మనుషుల్లో బెరుకు వేరు కదా, పదిమందిలో నోరు పెగలకపోవడం. నాకు అదీ పుష్కలంగా ఉండేది. పై అధికారి ఎదుట నిలబడితే నాలుక పిడచకట్టుకుపోయేది. "ఈ ఫారంలో నేను పీకకుండా వదిలిపెట్టిన బెరుకు ఒకటే ఉండాది. అది మా సారే" అని మేస్త్రక్క అందరి ముందూ అనేది. కూలీ ఆడవాళ్ళ ముఠాకు ఆమె పెద్ద, వయసులో నాకంటే బాగా పెద్ద. ఆమె గెనిమ మీద నడుస్తూ పోతే చాలు, కయ్య నడిమధ్యలో ఉన్న బెరుకు కూడా ఆమె కంట పడాల్సిందే.

మా ఫారం సూపరింటెండెంటు గారిది కృష్ణా జిల్లా. ఆయనకు వరి అంటే పిచ్చి, శుద్ధమైన వరి అంటే మరీ పిచ్చి. ఎన్నో ఏళ్ళ కిందట ఒకే ఒక్క మంచి వెన్ను ఎంచుకున్నారట. దాని గింజలు వేసి, ఆ పైరులో మళ్ళీ ఒక వెన్ను ఎంచి, ఇట్లా ఏటేటా పేర్చుకుంటూ ఒక వంశాన్నే తయారు చేశారు. పక్క మొక్కల పుప్పొడి అంటకుండా పూత వేళ ఆ వెన్నులకు కాగితపు సంచులు తొడిగించేవారు. ఆ సంచుల్ని తానే విప్పేవారు, ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు. ఇంట్లో భోజనానికి పిలిచేవాళ్ళు పిలుస్తూనే ఉండేవారు, ఆయన సంచుల దగ్గర ఉండేవారు.

ఒక ఏడు కార్తీకంలో తుపాను కొట్టింది. కరకట్ట తెగింది. సముద్రం ఉప్పుటేటి గుండా ఎదురెక్కి వచ్చి మా పల్లపు కయ్యల్లో, వాటి పక్కనే ఉన్న ఊరి కయ్యల్లో మోకాటి లోతున నిలిచిపోయింది. నీళ్ళు లాగిన తర్వాత ఎండకు నేల మీద తెల్లటి పొర కట్టింది. వేలితో రుద్ది నాలిక మీద పెట్టుకుంటే అచ్చంగా ఉప్పే. ఊరి కయ్యల్లో ఉప్పుటేటి ఒడ్డున వరసగా ఉన్నవి మేస్త్రక్కవీ, ఆమె మరుదులవీ. ఆ ఏడు వాళ్ళు గింజ కళ్ళజూడలేదు.

తర్వాత ఉప్పు మళ్ళ కాంట్రాక్టరు మనిషి సైకిలేసుకొని ఊళ్ళోకి వచ్చాడు. వరి పండని నేల ఉప్పుకు భేషుగ్గా పనికొస్తుందనీ, కయ్యలు వదిలేస్తే ఇంటిల్లిపాదికీ ఉప్పు మళ్ళలో పని చూపిస్తాననీ చెప్పాడు. ఒకసారి ఉప్పు మడి కట్టిన నేలలో ఇక వరి ఊసు ఉండదు. కొందరు అప్పుడే సరేనన్నారు. మేస్త్రక్క పెనిమిటి ఊగిసలాడాడు, మరుదులు ఊగిసలాడారు. ఆమె మాత్రం వాళ్ళందరినీ ఆపి పెట్టి నా దగ్గరకొచ్చింది.

"మా కయ్యలూ మీ పల్లపు కయ్యలూ ఒకటే మట్టి సారూ. మీ కాడ పైరు నిలబడితే మా కాడా నిలబడతాది. అందాకా మావోళ్ళను ఆపతా. నిలబడలేదనుకో, ఉప్పు మొయ్యను నా నెత్తి సిద్ధంగానే ఉండాది" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. మగవాళ్ళ మధ్య కూర్చుని ఆమె ఇచ్చిన మాటకు మా ఫారం హామీ అయిపోయింది.

సూపరింటెండెంటు గారు ఆ మాట పట్టించుకోలేదని అనను. పట్టించుకున్నారు, తన పద్ధతిలో. "ప్రాణం ఉన్నది ఏదైనా అలవాటు పడుతుందయ్యా. చంటిపిల్లకు మొదటి రోజే గొడ్డుకారం పెడతామా? కొద్దికొద్దిగా పెడితే తనే తింటుంది" అన్నారు. శుద్ధమైన మొలగొలుకుల నారు పోయించి, దానికి రోజూ మంచినీళ్ళలో ఉప్పుటేటి నీళ్ళు కలిపి పెట్టించారు. మోతాదు పెంచుతూ పోయేకొద్దీ ఆకుల కొసలు మాడాయి, తర్వాత ఆకులే మాడాయి. కొనఊపిరితో నిలిచిన నాలుగు మొక్కల గింజలు తీసి మళ్ళీ వేస్తే, ఆ పిల్లలు తల్లుల కంటే ఒక్క పిసరు కూడా మొండిగా లేవు. అవీ అట్లాగే మాడిపోయాయి.

"అలవాటు పడేలోపలే పాడె ఎక్కినాయి అయ్యా" అంది మేస్త్రక్క. ఆయనకు కోపం వచ్చింది. నిజానికి ఆ కోపం ఆమె మీద కాదు.

ఆ తర్వాతి పంటకు వానలు బాగా పడి ఉప్పు కొంత కడుక్కుపోయిందనే ఆశతో పల్లపు కయ్యలన్నిటా మొలగొలుకులు నాటించాం. కొన్ని వారాలు బాగానే ఉంది. వానలు వెనక్కి పోగానే నేల మళ్ళీ ఉప్పు కక్కింది, పైరు ఎండుగడ్డి రంగుకు తిరిగింది. సరిగ్గా అప్పుడే, హైదరాబాదు నుంచి పెద్దసారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. "పండినా పండకపోయినా ఫారం ఫారంలా ఉండాలి. ఒక్క బెరుకు కనబడకూడదు" అని సూపరింటెండెంటు గారు ఆజ్ఞ వేశారు. నన్ను గోతాల కోసం నెల్లూరు పంపించారు.

గోతాలు బండికెక్కించి, నేను బస్సు దిగి కరకట్ట మీదుగా నడిచి వస్తున్నాను. కింద పల్లపు కయ్యలో ఆడవాళ్ళు వరసగా వంగి పని చేస్తున్నారు. కయ్యంతా ఎండుగడ్డిలా ఉంది. గెనిమ మీద మాత్రం ఒక కుప్ప ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. గేదెలకు గడ్డి కోసుకొచ్చి పెట్టుకున్నారేమో అనుకున్నాను. దగ్గరికి వచ్చి చూస్తే అది వరి.

"అక్కా, ఏం పీకుతుండారు?"

"కొత్తగా అడగతావేంది సారూ? బెరుకులు. ఒక్కటి కూడా ఉండకూడదన్నారంట అయ్యగారు."

"కయ్యంతా చస్తా ఉంటే, బతికినవాటిని పీకుతుండారే!"

"బతికితే ఏంది? పొట్టిగా ఉండాయి, మొదలు ఎర్రంగా ఉండాది. బెరుకు కాదా ఇది?" అని చేతిలో ఉన్నదాన్ని నాకేసి ఊపింది.

ఊపిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆమె చేతిలోని మొక్కను చూసింది, కుప్పను చూసింది, ఎండిన కయ్యను చూసింది. ఏళ్ళ తరబడి ఆ చేతులకు నేర్పిన పని ఒకటే, వేరుగా ఉన్నదాన్ని పీకడం. అది బతికి ఉందా, పక్కది చస్తోందా అన్నది ఆ పనిలో ఎవరూ అడగని ప్రశ్న. మేమూ నేర్పలేదు.

"అయ్యో దేవుడా, నా చేత్తో నేనే గదా..." అని ఆమె గట్టు మీద కూలబడింది.

నా జీవితంలో నేను గట్టిగా అరిచింది ఆ రోజే. "ఆపండి! అందరూ ఆపండి! పీకినవన్నీ నీళ్ళలో పెట్టండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆడవాళ్ళు బిత్తరపోయి చూశారు. మేస్త్రక్క మాత్రం అప్పటికే లేచి కుప్పలోంచి దుబ్బులు చేతికందినన్ని ఎత్తుకొని కాలవ వైపు పరుగెత్తింది. వరి మొండిది. వేరు తడిగా ఉంటే పీకినా మళ్ళీ కుదురుకుంటుంది, నారు పీకి నాటడమే కదా మన సేద్యం. ఒక్కో దుబ్బును పిలకలుగా చీల్చి, ఒక మూల కయ్యలో నాటడం మొదలుపెట్టాం. నేనూ ప్యాంటు మడిచి దిగాను.

సగం నాటేసరికి గొడుగు వేసుకొని సూపరింటెండెంటు గారు వచ్చారు.

"ఏమిటయ్యా ఇది? పీకమంటే నాటుతున్నారేమిటి?"

మామూలుగా అయితే నా నాలుక అప్పుడే పిడచకట్టుకుపోవాలి. ఆ రోజు ఎందుకో పోలేదు. "అయ్యా, పెద్దసారు వస్తే ఏం చూపిద్దాం? చచ్చిన మొలగొలుకులా, బతికిన బెరుకులా?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇది విత్తనాల ఫారం. బెరుకుల ఫారం కాదు."

"ఈ ఒక్క మూల కయ్య ఇప్పించండయ్యా. గింజ గట్టిపడకపోతే నేనే నా చేత్తో పీకేస్తాను."

ఆయన చాలాసేపు ఎర్రటి మొదళ్ళను చూశారు. శుద్ధం పిచ్చి ఎంత ఉన్నా, ఆకుపచ్చ రంగు కనబడితే చూడకుండా పోలేని మనిషి. చివరికి, "నా విత్తనానికి ఆమడ దూరాన ఉంచు దీన్ని" అని గొడుగు తిప్పుకొని వెళ్ళిపోయారు. పెద్దసారు ఆ వారం రాలేదు, ఆ నెలా రాలేదు. కారు చెడిపోయిందట. ఎవరి కంటికోసం ఆ పైరును చంపబోయామో తలుచుకుంటే ఇప్పటికీ నాకు మండుతుంది.

ఆ మూల కయ్యకు బెరుకుల కయ్య అని పేరు స్థిరపడిపోయింది. అందులో ఉన్నవన్నీ బతికాయని చెబితే అబద్ధమవుతుంది. కొన్ని వేరూనకుండానే పోయాయి. కొన్ని బాగా ఎదిగి చివరికి తాలు వెన్నులు వేశాయి. పొట్టిగా, మొదలు ఎర్రగా ఉన్న రకం మాత్రం ఉప్పు నేలలో నిక్షేపంగా గింజ పోసుకుంది. గింజ కాస్త లావు, బియ్యం కాస్త ఎరుపు. అయితే ఏం, గింజ గింజే.

అక్కడితో సంబరం అయిపోవాలి. కానీ అసలు తగువు అప్పుడే మొదలైంది. సూపరింటెండెంటు గారు, "నేను చెప్పలేదూ, అలవాటు పడ్డాయి" అన్నారు. గోడౌను గుమాస్తా మాత్రం, కళ్ళంలో ఆడకూలీలు ఊరి వడ్లు కలిపి ఉంటారన్నాడు. మేస్త్రక్క అగ్గి మీద గుగ్గిలమైంది. "మా ఇంట్లో తినను గింజ లేక మేము చస్తుంటే, తెచ్చి మీ కళ్ళంలో పోసినామా?" అని గోడౌను ముందు నిలబడి కడిగేసింది. నాకు వచ్చిన చిక్కు వేరు. ఉప్పు తాగి అలవాటు పడిన మొక్కలైతే, ముందు నారులాగే వీటి పిల్లలకూ ఆ మొండితనం రాదు. పుట్టుకతోనే వచ్చిన గుణమైతే పిల్లలకూ వస్తుంది. ఏదీ తేలకుండా ఆ గింజలు ఊరికి ఇచ్చి, అవి మాడిపోతే, మేస్త్రక్క తనవాళ్ళను ఇంకొక్క రోజు కూడా ఆపలేదు.

తేల్చడానికి ఒకే దారి కనబడింది. ఉప్పునీళ్ళు ఎప్పుడూ తాకని చోట, కల్తీకి ఏమాత్రం వీల్లేని చోట ఆ ఎర్రమొదలు పుడుతుందేమో చూడాలి. అట్లాంటి చోటు ఫారంలో ఒకటే. ఆఫీసు వెనక మిట్ట కయ్య, సూపరింటెండెంటు గారి సంచుల వంశం. పల్లపు కయ్యల విత్తనం కూడా ఆ వంశం నుంచి వచ్చిందే. ఆ ఒక్క పంటకు అందులో బెరుకులు పీకకుండా వదిలేయమని అడిగాను. మనిషిని నొప్పించానని తెలుస్తూనే ఉంది.

"నా వంశంలో బెరుకులు పుట్టవయ్యా" అన్నారు. మళ్ళీ తనే, "అనుమానం ఉంటే చూసుకో" అన్నారు.

పుట్టాయి. నారుమడిలో రెండు మూడు మొలకలు పాలలా తెల్లగా లేచి వారం తిరక్కుండానే వాడిపోయాయి. ఒకటి నిలబడే ఓపిక లేక నేల మీద పాకింది. ఒకటి వెన్నే వేయలేదు. ఒక పొద్దున మేస్త్రక్కా నేనూ గెనిమ మీద నడుస్తుంటే ఆమె నా చొక్కా పట్టుకు లాగింది. కయ్య నడుమ ఒక దుబ్బు, పొట్టిగా, మొదలు ఎర్రగా. సూపరింటెండెంటు గారిని పిలుచుకొచ్చాం. ఆయన పంచె బురదలో తడుస్తున్నా చూసుకోకుండా దాని పక్కన గొంతుక్కూర్చున్నారు.

"దీనికి ఉప్పునీటి వాసన కూడా తెలియదు. సంచి తొడిగింది నేను, విప్పింది నేను. కలిపారనడానికి లేదు" అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. గోడౌను గుమాస్తా నోరు ఆ మాటతో మూతపడింది. ఒక చిన్న సంగతి మీరు గమనించాలి. ఆయన అంత చాదస్తంగా సంచులు తొడగకపోయి ఉంటే, ఆ రోజు ఎవరూ ఏదీ రుజువు చేయగలిగేవారు కాదు.

ఆ దుబ్బు గింజలు తీసి, పల్లపు కయ్యలో ఒక వరస అవి, పక్క వరస శుద్ధమైన మొలగొలుకులు, ఇట్లా మార్చి మార్చి నాటించాం. ఇక ఎదురుచూడటమే పని. నేల ఉప్పు కక్కే రోజులు వచ్చాయి. ఒక ఉదయం కావలివాడు పరుగున వచ్చి పిలిస్తే ఫారం మొత్తం కరకట్ట ఎక్కింది. పై నుంచి చూస్తే పల్లపు కయ్య చారల దుప్పటిలా ఉంది. ఒక చార ఎండిన రంగు, ఒక చార ఆకుపచ్చ. ఎక్కడా తేడా లేదు, ఎర్రమొదలు పిల్లలన్నీ తల్లిలాగే నిలబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మేస్త్రక్క కొంగు నడుముకు బిగించి, కరకట్ట మీద నుంచి తన కయ్యల వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

సూపరింటెండెంటు గారు ఆ చారల్ని వేలితో లెక్కపెట్టసాగారు. నేను భయపడ్డాను. తర్వాత ఆయన పకపకా నవ్వారు, అంత నవ్వు ఆయనలో ఉందని మాకు అప్పటిదాకా తెలియదు.

"మేస్త్రీ, మీ అమ్మ ముగ్గు చూసి నువ్వు వేస్తావు. నిన్ను చూసి నీ కూతురు వేస్తుంది. అట్లా వేస్తూ పోతే ఎక్కడో ఒక చుక్క తప్పిపోదూ?"

"చుక్క తప్పితే ముగ్గు చెడిపోతాది గదా అయ్యా?"

"చాలాసార్లు చెడిపోతుంది. ఆ తెల్లమొలకలు, ఆ పాకేది, అన్నీ అట్లా చెడినవే. ఎప్పుడో ఒకసారి మాత్రం ఆ తప్పిన చుక్కే అక్కరకు వస్తుంది. ఈ ఎర్రమొదలు అట్లాంటిది. మంచికని పుట్టలేదు, చెడుకని పుట్టలేదు. ఊరికే పుట్టింది."

"మరి ఉప్పునీళ్ళు చేసిందేంది?"

"నువ్వు చేసే పనే. నువ్వు ఎత్తూ రంగూ చూసి పీకుతావు. సముద్రం ఉప్పుకు ఓర్చుకోలేనివాటిని పీకేసింది. అది ఏ మొక్కకూ ఏమీ నేర్పలేదమ్మా, నేను నేర్పుతుందనుకున్నాను. ఉన్నవాటిలో ఏరింది, అంతే."

మేస్త్రక్క సముద్రం వైపు చెయ్యి చూపి, "అయితే గంగమ్మ కూడా మేస్త్రే. ఆయమ్మకు కూలి ఎవురిస్తారయ్యా?" అంది. అందరం విరగబడి నవ్వాం.

పుస్తకాల్లో చుక్క తప్పడాన్ని ఉత్పరివర్తనం అన్నారు, సముద్రం చేసిన ఏరివేతను ప్రకృతి వరణం అన్నారు. నేను తర్వాత చదువుకున్నాను. చదివిన ప్రతిసారీ నా కళ్ళకు గెనిమ మీది ఆకుపచ్చ కుప్పే కనబడుతుంది. మేము మొలగొలుకుల్ని ఒకే అచ్చులో పోసి, తేడాగా ఉన్న ప్రతిదాన్నీ పారేస్తూ వచ్చాం. తీపి నేల ఉన్నంతకాలం అది గొప్పగానే ఉండింది. నేల మారిన రోజున అందరిదీ ఒకే గతి, పీకించుకొని కూడా బతికిన ఆ నాలుగు బెరుకులది తప్ప.

బెరుకుల కయ్య గింజలూ, చారల కయ్య గింజలూ కలిపి ఇంకో పంట పెంచి, అప్పుడు ఊరికిచ్చాం. మేస్త్రక్క వరసలోని కయ్యలన్నిటా ఎర్రమొదలే నాటారు. ఆమె పెనిమిటి కుదురుగా కూర్చోలేక రోజూ వచ్చి ఆకులు తడిమి చూసుకొని పోయేవాడు. పైరు దుబ్బు కట్టింది, పొట్ట వేసింది, వెన్నులు వంగాయి. పక్కన ఉప్పు మళ్ళు తెల్లగా మెరుస్తుంటే, కట్టకు ఇవతల బంగారు రంగు పండింది. మొలగొలుకులంత దిగుబడి లేదు, ఆ నేల అంతే ఇస్తుంది. కాంట్రాక్టరు మనిషి సైకిలు మీద వచ్చి గట్టు పైన కాలు ఆనించి నిలబడ్డాడు. మేస్త్రక్క కయ్యలోంచే కేకేసింది. "ఏం అబ్బయా, ఉప్పు తెచ్చినావా? కూట్లోకి చిటికెడు పెట్టిపో, కొత్త బియ్యం వండుతుండా." అతను కూడా నవ్వి సైకిలు తిప్పుకున్నాడు.

కోత రోజున సూపరింటెండెంటు గారూ నేనూ వెళ్ళాం. కొడవళ్ళు వరసగా కదులుతున్నాయి. ముందు నడుస్తున్న మేస్త్రక్క ఉన్నట్టుండి ఆగింది. ఎర్రమొదలు పైరు మధ్యలో ఒక దుబ్బు, మిగతావాటి కంటే మూరెడు ఎత్తున, ఇంకా పచ్చిగా, సన్నటి ఆకులతో నిలబడి ఉంది. ఆమె చెయ్యి అలవాటుగా దాని మొదలు పట్టుకుంది. వేళ్ళు బిగిశాయి. తర్వాత మెల్లగా వదిలి, నా వైపు తిరిగింది.

"సారూ, ఇది బెరుకు. పీకేదా, ఉంచేదా?"

నేను నోరు తెరిచేలోపలే నా వెనక నుంచి సూపరింటెండెంటు గారు బురదలోకి దిగారు, చెప్పులు చేత్తో పట్టుకొని. "ఉండనీ మేస్త్రీ. రేపు ఏ నీళ్ళు వస్తాయో మనకేం తెలుసు" అన్నారు.

మేస్త్రక్క తన ఎర్రచీర కొంగు కొసను పీలికగా చింపి దాని మొదట్లో ముడేసింది. కొడవళ్ళు ఆ దుబ్బును చుట్టి ముందుకు పోయాయి. పొద్దు వాలేసరికి కయ్యంతా కోసి పనలు వేశారు. నడుమ ఆ ఒక్క దుబ్బు, ఎర్ర పీలిక కట్టుకొని, సముద్రపు గాలికి ఊగుతూ నిలబడే ఉంది.